సాంబయ్య పాట, బాలమల్లు నోరు

సినిమా పాటల పురస్కార సభల్లో 'ప్రత్యక్ష గానం' అని దేన్నంటారో, ఆ సభల వెనక తీగలు లాగేవాళ్లందరికీ తెలుసు. పాట ముందే రికార్డయి ఉంటుంది. వేదిక మీది మనిషి నోరు కదుపుతాడు. చేతిలో మైకు ఉంటుంది, మైకులో ప్రాణం ఉండదు. ముందు వరుసలో కూర్చున్న హీరోయిన్‌కీ ఈ సంగతి తెలుసు. అయినా కెమెరా తన మీదికి తిరగ్గానే కంటి కొస తుడుచుకుంటుంది. మనం ఇంట్లో కూర్చుని మనదీ తుడుచుకుంటాం.

పోయిన దసరాకు ఒక చానెల్, పదేళ్ల 'స్వరనందిని' పురస్కార సభల్లోంచి పది ముక్కలు ఏరి, మరపురాని ప్రత్యక్ష గానాలని పేరు పెట్టి చూపించింది. నాలుగోది 2015 నాటిది. పట్టుచీర కట్టుకున్న పెద్ద గాయని పక్కన ఒక బక్కపలచని మనిషి నిలబడి ఉంటాడు. భుజం మీది గొంగడి అతనిది కాదు, నిర్వాహకులు కప్పింది. నేతపని చేసేవాడికి గొంగడి ఎందుకని అక్కడెవరికీ తోచలేదు. తెర కింద అక్షరాలు: సంప్రదాయ జానపదం.

ఆ బక్కమనిషి పేరు బాలమల్లు. ఊరు సిరిసిల్ల. పాట జానపదం కాదు. దాన్ని కట్టినవాడున్నాడు, సాంబయ్య. చనిపోయాడు. ఆయన భార్య రామవ్వ ఉంది. బాలమల్లు ఇంటికి ఆరిళ్ల అవతలే ఉంటుంది. పదేళ్లుగా అతనితో మాట్లాడదు. ఆమె చేత ఒక్కసారి 'నువ్వు మాట నిలబెట్టుకున్నవ్' అనిపించుకోవాలని బాలమల్లు పదేళ్లూ చూశాడు. ఆ కార్యక్రమం కోసం చానెల్ వాళ్లు సిరిసిల్ల దాకా వచ్చి అతనితో మాట్లాడించి పోయారు. ప్రసారమైనదాంట్లో అతని మాట ఒక్కటీ లేదు.

సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచె అంటారు. బాలమల్లు, సాంబయ్య, వాళ్ల జతగాడు రాజయ్య పనిచేసిన షెడ్డులో పదహారు సాంచెలుండేవి. పదహారూ ఒక్కసారి నడిస్తే పక్కన నిలబడి అరిచినా వినబడదు. కాబట్టి ఎవరూ అరవరు. పెదవులు కదుపుతారు, అంతే. షెడ్డు ఆ మూల నుంచి ఈ మూలకు బీడీ అడుగుతారు, కల్లు సంగతి మాట్లాడుకుంటారు, వాకిట్లోకి వచ్చిన ఆసామిని, అంటే సాంచెల యజమానిని, అతని ముఖం ముందే తిట్టుకుంటారు. పట్నం నుంచి వచ్చినవాళ్లు దీన్ని చూసి కళ అని మురిసిపోతారు. కళ కాదు. చెవులు పాడయ్యాక మిగిలిన ఏర్పాటు.

సాంబయ్య తన పాటలన్నీ ఆ మోతలోనే కట్టాడు. ఎవరికీ వినబడవు. చూసి నేర్చుకున్నారు. రాజయ్యకైతే ఒక పాట మాటలన్నీ రెండేళ్లుగా నోటికి వచ్చు, రాగం తెలియదు. ఒకనాడు కరెంటు పోయి సాంచెలు ఆగాయి. సాంబయ్య ఆగలేదు, పాడుతూనే ఉన్నాడు. రాజయ్య ముఖం చిట్లించి, "గిదానే రాగం? నేను జర మంచిది అనుకున్న," అన్నాడు. షెడ్డంతా వారం రోజులు నవ్వింది.

సభలో వినిపించిన పాట ఇది:

పోగు తెగితే అతుకుతనే
పొద్దు తెగితే ఏం జేతునే

నాలుగు చరణాలు. పాట కట్టినవాడు చివరి చరణంలో తన పేరు పెట్టుకోవడం అక్కడి పద్ధతి. కాగితం మీద రాసుకోని పాటకు అదొక్కటే సంతకం. సాంబయ్య చివరి చరణం ఇలా మొదలవుతుంది:

సాంబయ్య గట్టిన పాటిది
సాంచె సప్పుడు మింగిన పాటిది

2009లో సాంబయ్య పోయాడు. సిరిసిల్ల నేతకారుడు పోయాడంటే పత్రికలు వెంటనే ఆత్మహత్య అని రాసిపెట్టుకుంటాయి. ఇతను కామెర్లతో పోయాడు, పసరు మందు తాగుతూ. అప్పటి నుంచి ఏటా పెత్రమాస నాడు, చనిపోయినవాళ్ల పేరు మీద అయ్యగారికి బియ్యం ఇచ్చే రోజు, బాలమల్లు రామవ్వ గడప ముందు నిలబడి ఆ పాట మొత్తం పాడేవాడు. షెడ్డులో అందరికంటే మంచి గొంతు అతనిది. రామవ్వ బీడీలు చుట్టే మనిషి, సాంచెల మధ్య ఎన్నడూ నిలబడలేదు. పెదవుల భాష ఆమెకు రాదు. భర్త పాటను ఆమె చెవులతో విన్నది బాలమల్లు నోటి నుంచే.

తర్వాత జరిగింది మామూలే. కరీంనగర్‌లో ఒక ఉత్సవంలో బాలమల్లు పాడాడు, ఎవరో ఫోన్లో ఎక్కించుకుపోయారు, ఏడాదికి పాట సినిమాలో తేలింది. పాడింది పెద్ద గాయని. చివరి చరణం లేదు. ఆ జాగాలో పల్లవే మళ్లీ వస్తుంది. సినిమాకు పురస్కారం వచ్చి, సభలో ఆవిడ పక్కన నిలబడి పాడటానికి 'అసలైన నేతన్న' కావాలని బాలమల్లును పిలిచారు.

వెళ్లేముందు అతను రామవ్వ దగ్గరికి వెళ్లాడు.

"పైసలిత్తరని నేననుకోలె మల్లయ్యా," అంది రామవ్వ, ఆకు కత్తిరిస్తూ. "ఆయన పేరేది? గదెటు పోయింది?"

"కోసిండ్రు వదినె. పాట పొడుగైతందట."

"పొడుగైతే నడుమ కోసుకోవాలె. కొసకు పేరుంటదని ఎరుక లేదా ఆళ్లకు?"

"నన్ను పిలిచిండ్రుగద. టీవీల వస్తది. ఆడ కొస చరణం నేనంట."

"అంటవా?"

"సాంబన్న మీద ఒట్టు."

"ఆయన మీద వద్దు. ఆయన సచ్చిండు. నీ మీద వెట్టుకో."

బాలమల్లు తన నెత్తి మీద చెయ్యి పెట్టుకుని ఒట్టేశాడు.

హైదరాబాద్‌లో రిహార్సల్ నాడు, చెవిలో వైరు పెట్టుకున్న కుర్రాడొకడు వచ్చి చెప్పాడు. "అంకుల్, మైక్ ఆన్‌లో ఉండదు. ట్రాక్ వస్తుంది, మీరు ఊరికే లిప్ ఇవ్వండి చాలు." బాలమల్లుకు ముందు తన ఒట్టు గుర్తొచ్చింది. తర్వాత నవ్వొచ్చింది. పెదవులు కదపడం తనకు నేర్పుతున్నారు. బయటికొచ్చి రాజయ్యకు ఫోన్ చేశాడు.

"మైకు సచ్చిందిరా. చరణం వినరాదు."

"మరెట్ల?"

"మూతి ఉన్నదిగద. ఆళ్లు పాడేది ఆళ్లు పాడనియ్. కొసకు నేను సాంబయ్య అంట. మీరు జూసి వదినెకు చెప్పుండ్రి."

ఆలోచన బాగుంది. కోటిమంది చూసే చోట, ఒక్క సిరిసిల్లకే అర్థమయ్యేటట్టు ఒక పేరు చెప్పడం. ఇంతకంటే తెలివైన దొంగతనం ఆ సభలో ఆ సాయంత్రం ఇంకెవరూ చేసి ఉండరు.

వేదిక ఎక్కాడు. దీపాల్లో ఏమీ కనబడలేదు. కాళ్ల దగ్గర నల్లటి పెద్ద స్పీకర్లు. పాట మొదలవగానే చెక్కలు అరికాళ్ల కింద అదరడం మొదలైంది. రెండున్నర నిమిషాలు. దిగాక ఒళ్లంతా చెమట. రాజయ్యకు మళ్లీ ఫోన్ చేసి, "అనేసిన్రా," అన్నాడు.

మూడు వారాలకు ఆదివారం సాయంత్రం టీవీలో వేశారు. ఆ రోజు బాలమల్లు డ్యూటీలో ఉన్నాడు. హైదరాబాద్ కోసం మూడు రోజులు నాగా పెట్టాడు, ఆసామి నాలుగో రోజు ఇవ్వలేదు. శ్రీహరి టీ హోటల్లో సాంచెల వాళ్లు పదకొండు మంది కూర్చుని చూశారు. రామవ్వ హోటల్లోకి రాలేదు, వాకిట్లో నిలబడింది. పాట అయిపోయింది.

"ఏది? పేరేది?" అంది.

రాజయ్య గొంతు సవరించుకున్నాడు. "అన్నడు వదినె. మైకు లేదుగాని మూతి అన్నది. నేను జూసిన."

"నేను గూడ జూసిన," అన్నాడు పరశురాములు. తర్వాత ఇంకొకడు. పదకొండు తలలూ ఊగాయి.

"నాకు చెవులున్నయి," అంది రామవ్వ. "మీకు లెవ్వు." వెళ్లిపోయింది.

రాజయ్య అక్కడి నుంచి షెడ్డుకు వెళ్లి, వాకిట్లోంచే పెదవులు కదిపాడు: అన్నవ్‌రా, కనవడ్డది. పదహారు సాంచెల మోతలో బాలమల్లు నవ్వి, తెగిన పోగు అతకడానికి వంగాడు.

ఆ యేడు పెత్రమాసకు గడప దగ్గరికి వెళ్తే రామవ్వ సగం తలుపు వేసి మాట్లాడింది. "అననిది అన్ననని ఊరంత చెప్పిస్తివి. ఆయన పేరు మీద నువ్వు పాడకు." మిగతా సగం తలుపు కూడా వేసేసింది.

పదేళ్లలో ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడి చెవి దాని వెనకే పోయింది. షెడ్డు చేతులు మారింది. బాలమల్లు పని మానలేదు. మానితే ఏం తింటాడని ఎవరూ అడగక్కర్లేదు. పాడటం మాత్రం మానేశాడు. నెట్‌లో ఆ పాట ముక్క ఉంది, హీరోయిన్ కన్ను తుడుచుకోవడంతో ఆగిపోతుంది. చివరి చరణం దాకా రాదు. సాక్ష్యం లేదు కాబట్టి బాలమల్లు నమ్మకానికి దెబ్బ తగిలే వీలే లేకపోయింది. అన్నానని అతనికి తెలుసు. పదకొండు మంది చూశారు. చూడనిది ఒక్క రామవ్వ.

ఆ దసరాకు ముందు శ్రావణంలో చానెల్ నుంచి హర్షిణి వచ్చింది. పాతికేళ్ల అమ్మాయి, వెంట ఒక కెమెరామెన్. "ఆ అద్భుత క్షణంలో మీ అనుభూతిని పంచుకోండి," అని అడిగింది. బాలమల్లు ఆమె పెదవుల్ని ఎంత చూసినా ఒక్క ముక్క అందలేదు. అలాంటి మాటలు అతను ఎవరి నోటి మీదా చూసి ఎరగడు. ఆ పిల్లది లక్సెట్టిపేట. మూడోసారికి విసుగొచ్చి ఇంటి యాసలోకి దిగి, "గప్పుడు నీకెట్ల అనిపిచ్చింది పెద్దబాపు?" అంది. ఠక్కున అందింది.

"అది తర్వాత చెప్త. నా మొకం కనవడే వీడియో ఉన్నదా బిడ్డా? కొస దాక?"

ఉంది. ఆ రోజు ఒక కెమెరా మొదటి నుంచి చివరి దాకా అతని మీదే ఉంది. కోయని పాత ఫైలు హర్షిణి ల్యాప్‌టాప్‌లో ఉంది. "సూత్తవా?" అంది.

"నాకెందుకు? అన్నోన్ని నేను. సూడవలసినామె వేరే ఉన్నది."

ఇక్కడ ఏ మామూలు మనిషైనా ముందు తాను ఒకసారి చూసుకుంటాడు. బాలమల్లు చూసుకోలేదు. చొక్కా మార్చుకుని, రాజయ్యను కేకేసి బయల్దేరాడు. రాజయ్యకు దారి పొడవునా ఏదో ఒకటి అడ్డం వచ్చింది.

"ఎండ దంచుతుంది. మాపటికి పోదాం."

"మాపటికి పిల్ల పోతది."

"రామవ్వకు పాణం బాగలేదట."

"పొద్దున బోరింగు కాడ పంచాయితి వెట్టింది. మంచిగనే ఉన్నది. నడువ్."

పరాయి పిల్ల వెంట ఉంది కాబట్టి రామవ్వ తలుపు వేయలేదు. చాటలో తునికాకు, ఒళ్లో తంబాకు. ల్యాప్‌టాప్ పీట మీద పెట్టారు. బాలమల్లు సౌండు తీసేయమన్నాడు. సౌండు ఉంటే గాయని గొంతు ఆమెను తప్పుదారి పట్టిస్తుందని. తర్వాత రామవ్వకు ఎదురుగా కూర్చున్నాడు, పదేళ్లలో మొదటిసారి.

"వదినె, నేను చెప్త, నువ్వే జూడు. సాం అంటె నోరు తెరుసుకుంటది. బ అంటె పెదవులు అంటుకుంటయి. గట్ల కాకుంట పోగు అన్ననే అనుకో, మూతి సున్న లెక్క గుండ్రంగైతది. నా మూతి జూడు." రెండూ అని చూపించాడు. "తెలుస్తుందా?"

రామవ్వ ఆకు పక్కన పెట్టింది. బాలమల్లు మళ్లీ చూపించాడు. ఆమె పెదవులు కూడా కొద్దిగా కదిలాయి. నేర్చుకుంటోంది.

తెర మీద పదేళ్ల కిందటి బాలమల్లు గొంగడి కప్పుకుని, చప్పుడు లేకుండా పాడుతున్నాడు. మొదటి చరణం. రెండోది. మూడోది. "ఇగ వస్తది," అన్నాడు బాలమల్లు. వచ్చింది. తెర మీది మూతి సున్నాలా గుండ్రమైంది.

"మళ్లొకసారి వెట్టు బిడ్డా."

పెట్టింది. మళ్లీ సున్నా. మూడోసారి హర్షిణి వేగం తగ్గించి పెట్టింది. పెదవులు నింపాదిగా, ఏ అనుమానానికీ తావివ్వకుండా, గాయనితోపాటు 'పోగు తెగితే' అన్నాయి. ఆ మీద 'అతుకుతనే' అన్నాయి. పల్లవి మొత్తం అన్నాయి. తెర కింది అంచున, అతని కాళ్లు చెక్క మీద దరువుకు సరిగ్గా లేచి పడుతున్నాయి.

"సున్ననే ఉన్నది మల్లయ్యా," అంది రామవ్వ.

బాలమల్లు తెర వైపే చూస్తున్నాడు. ఆమె అన్నది అతనికి అందలేదు. అందాల్సిన పనీ లేదు. జరిగిందేమిటో అతనికి ఆ కాళ్లను చూస్తే అర్థమైంది. అరికాళ్ల కింద నేల అదిరితే, ఆ అదురుకు ఒళ్లు, చెయ్యి, నోరు కలిపి నడవడమే ముప్పై ఏళ్లుగా అతను చేసిన పని. యంత్రానికి ఎదురు పోతే పోగు తెగుతుంది. వేదిక చెక్కలు అదిరాయి, అతని నోరు తన పని తాను చేసుకుపోయింది. అన్నాననుకోవడం దిగాక పుట్టింది. దాన్ని పెంచి పెద్ద చేసింది ఊళ్లో వాళ్లు.

అతను రాజయ్య వైపు తిరిగాడు. "నువ్వు జూసినంటివి."

రాజయ్య గోడను చూశాడు. కానీ గోడను చూస్తూ మాట్లాడితే బాలమల్లుకు అందదు. ఇటు తిరగాల్సి వచ్చింది. "గప్పుడే ఎరుక," అన్నాడు. "అందరికెరుక. ఆమె వాకిట్ల నిలవడ్డది. నువ్వు డ్యూటీల ఉన్నవ్. ఏం చెప్పాలెరా?"

"పదకొండు మందికి ఎరుకనా?"

"పదకొండు మందికి."

మంచితనం అని మనం దేన్ని మెచ్చుకుంటామో, దాని పని ఇది. పదకొండు మంది ఒక సాయంత్రం మొహమాటపడ్డారు. ఇద్దరు మనుషులకు పదేళ్లు పోయాయి.

రామవ్వ అరవలేదు. తిట్టినా బాగుండేది. "కరీంనగర్ పోయిన నేను," అంది, హర్షిణితో చెబుతున్నట్టు. "చెవుల డాక్టరు కాడికి. మంచిగున్నయన్నడు. అయినా పదకొండు మంది అబద్ధమాడుతరా, నా చెవులకే ఏమన్న అయ్యిందా అని ఫికరయ్యేది. పోయినేడు పెత్రమాసకు పిలుద్దామనుకున్న ఈయనను. నాదే తప్పని చెప్పి పిలుద్దామనుకున్న." చాట దగ్గరికి లాక్కుంది. "మంచిగైంది పిలువకుంట."

ఈ మాటలన్నీ బాలమల్లు ఆమె పెదవుల మీద చూశాడు. ఒక్కటీ తప్పిపోలేదు.

హర్షిణి మంచిపిల్ల. ఏదో ఒకటి చేయకపోతే ఊపిరాడని వయసు. "గిప్పుడు పాడు పెద్దబాపు," అంది. "కొస చరణం పాడు, పేరు పెట్టి. నేను రికార్డు చేస్త. మా సార్లు ఉంచుతరో తీసేస్తరో చెప్పలేను గని, రికార్డయితే చేస్త." కెమెరామెన్ కెమెరా ఎత్తాడు. చొక్కాకు చిన్న మైకు తగిలించారు. ఇది పనిచేసే మైకే.

బాలమల్లు లేచి నిలబడ్డాడు. కళ్లు మూసుకున్నాడు. పాడాడు.

'సాంబయ్య గట్టిన పాటిది.' పేరు ఖంగుమని పలికింది, రెండుసార్లు. అందులో సందేహం లేదు. మిగిలిందేదీ పాట కాదు. తన గొంతు తనకు వినబడని మనిషి పాడుతున్నాడు. రాగం ఒకచోట మొదలై ఇంకోచోట పడిపోయింది, ఎత్తుకోవాల్సిన దగ్గర అరుపైంది, దించాల్సిన దగ్గర గాలి మిగిలింది. కెమెరామెన్ హర్షిణి వైపు చూశాడు. ఆపనా అని. ఆమె తల అడ్డంగా ఊపింది. ఇది పనికిరాదని ఆమెకు మొదటి పంక్తికే తెలిసిపోయింది.

రామవ్వ పంటి బిగువున రెండు పంక్తులు విన్నది. భర్త పాట ఈ లోకంలో ఆమెకు తెలిసింది ఒక్క గొంతులోనే. ఆ గొంతే ఇది. "ఆపుమనుండ్రి," అంది. బాలమల్లు కళ్లు మూసుకుని ఉన్నాడు, ఎవరి మాటా అతన్ని చేరే దారి లేదు. "ఆపుమనుండ్రయ్యా," అని మళ్లీ అంది. ఎవరూ కదలలేదు. ఆమె గోడ వైపు తిరిగి కూర్చుంది.

చరణం పూర్తయింది. అతను కళ్లు తెరిచాడు. ముందు రామవ్వ ముఖం కోసం చూశాడు. వీపు కనబడింది. భుజాల కదలికను బట్టి ఆమె ఏదో అంటోంది. అది 'ఇగ రాకుండ్రి' అని. గదిలో అతను తప్ప అందరూ విన్నారు.

"ఏమన్నది?" అని రాజయ్యను అడిగాడు.

రాజయ్య ఆమె వీపును చూశాడు, హర్షిణిని చూశాడు. తర్వాత బాలమల్లు వైపు తిరిగి, చప్పుడు లేకుండా, షెడ్డులో మాట్లాడినట్టే పెదవులు కదిపాడు.

"మంచిగ పాడినవన్నది."

బాలమల్లు ఆ పెదవుల్ని కాసేపు చూశాడు. ఇంకోసారి అడగలేదు. చొక్కాకు తగిలించిన మైకు ఎలా తీయాలో తెలియక, హర్షిణి వచ్చి తీసేదాకా అలాగే నిలబడ్డాడు.